పది ఈనెల జెల్ల

ఎనభైలలో ఒక వేసవి నుంచి ఈ బరువు మోస్తున్నాను. తేదీ గుర్తుంది. రాయను, రాస్తే ఆమెను ఎవరైనా పోల్చుకోవచ్చు.

హనుమకొండలో ఒక కళాశాలలో జంతుశాస్త్రం బోధించేవాడిని. దక్షిణ అమెరికా నదుల జెల్ల చేపలు మూడు, ఒంటినిండా గట్టి పలకలున్నవి, స్పిరిట్ సీసాల్లో మా మ్యూజియానికి వచ్చాయి. మూడూ ఒకే ప్రజాతివని వ్యాసం అచ్చు వేయించాను. ఆ ప్రజాతికి వీపు రెక్కను నిలిపే మెత్తని పుల్లలు, ఈనెలు, ఏడు. రెండు చేపలకు లెక్కపెట్టి, మూడోదీ అంతేననుకున్నాను. అంకెలను తప్ప దేన్నీ నమ్మనని చెప్పుకునే నేను.

నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, సరోజ అనుకోండి, ఆ మూడోదానికి లెక్కపెట్టింది.

“పది వస్తున్నయి సార్. ఇది వేరే ప్రజాతి.”

“పుస్తకంలో ఏడేనమ్మా.”

“పుస్తకం చూసి చేప పుట్టిందా సార్? జర మీరే లెక్కపెట్టుండ్రి.”

నవ్వుతూనే అంది. రోజూ కలిసి టీ తాగే చనువు అది. ఆమె లేనప్పుడు భూతద్దం కింద లెక్కపెట్టాను. పది. మళ్ళీ పది. ఆమె సిద్ధాంత గ్రంథానికి ఆ ఒక్క చేపే ఆధారం. సెలవుల తరువాత పరీక్షకుడు వచ్చి చూడాలి.

వేసవికి ముందు సీసాలన్నీ స్పిరిట్‌తో నింపి, మూత చుట్టూ మైనం పూయడం మా పద్ధతి. లేకపోతే మా ఎండలకు ఆవిరైపోతుంది. ఆ పని నాది. ఆ ఏడాది ఆ మూడో చేప సీసా ఒక్కటి నింపలేదు. సరోజ ఆఖరుసారి చూసి బిగించి వెళ్ళిన మూతను వదులు చేశాను. మరచిపోయానని నాకు నేనే ఎన్నేళ్ళు చెప్పుకున్నాను?

జూన్‌లో చూస్తే చేప ఎండి బిగుసుకుపోయింది. ఆమె వేలు తగలగానే రెక్క పొడిపొడిగా రాలింది.

“నేనే మూత సరిగ పెట్టలేదేమో సార్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

“ఎండలు అట్లున్నయమ్మా” అని ఓదార్చాను. అవును, ఓదార్చాను.

ఆమె పరిశోధన మానేసి పరకాలలో బడిపంతులమ్మగా చేరింది. నా వర్గీకరణ నిలిచింది. టీ ఒంటరిగా తాగాను, పదవీ విరమణ దాకా. ఒకసారి ఆమెకు చెప్పాలని పరకాల బస్సెక్కాను. దిగి, అదే బస్సులో తిరిగి వచ్చాను. నీ తప్పు కాదు అంటే, మరి ఎవరిదన్నది కూడా చెప్పాలి కదా.

మీకు చెప్పాను. క్షమించడం మీ చేతిలో లేదని తెలుసు. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఆ సీసా సంగతి తెలిసినవాణ్ణి మాత్రం ఇక ఒక్కణ్ణే కాను.