మావయ్య నమ్ముకున్న చవక డిస్క్

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసి "ఒరేయ్, మావయ్య లేడురా" అంది.

"లేడంటే ఎటు పోయాడు?" అని అడిగాను. మొన్న సాయంత్రమే నాతో గొడవ పెట్టుకున్న మనిషి మరి.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. శ్రీనివాసరావు మా అమ్మ తమ్ముడు. శావల్యాపురం రైతుబిడ్డ. నరసరావుపేటలో పెళ్లి వీడియోల స్టూడియో నడిపాడు.

దాదాపు ఇరవై ఏళ్ల కిందట రెండు కొత్త రకం డిస్కులు పోటీ పడ్డాయి. ఒకటి హెచ్‌డీ డీవీడీ, రెండోది బ్లూ-రే. రెండిట్లోనూ బొమ్మ అద్దంలా కనపడేది. కానీ దీని డిస్క్ దాని ప్లేయర్‌లో ఆడదు.

మావయ్య హెచ్‌డీ డీవీడీని పట్టుకున్నాడు.

దాన్ని పాత డీవీడీ ఫ్యాక్టరీలోనే, మిషన్లు కాస్త మార్చి చేసేయొచ్చు. బ్లూ-రేకి కొత్త మిషన్లు కావాలి, గీతలు పడకుండా పైన గట్టి కోటింగ్ కావాలి. అందుకే రేటెక్కువ. "ఖర్చు తక్కువైందే నిలబడుద్దిరా. ఇందులో ఆలోచించేది ఏముంది?" అనేవాడు.

జీవితమంతా పత్తి పండించిన తాతయ్య ఇదంతా విన్నాడు. "మన పత్తికి ఖర్చెంతయిందని కొనేవోడు ఎప్పుడన్నా అడిగాడంట్రా?" అన్నాడు.

మావయ్య వింటేగా! ఎకరం పొలం అమ్మి డిస్కులోకి వీడియో ఎక్కించే బర్నర్, ప్లేయర్లు, ఖాళీ డిస్కులు చెన్నై నుంచి తెప్పించాడు. పెళ్లి ప్యాకేజీలో ప్లేయర్ కూడా ఇచ్చేవాడు.

కొన్నాళ్లకు ఆ ప్లేయర్ల రేటు అమాంతం పడిపోయింది. మావయ్య స్వీట్లు పంచాడు. "చూశావంట్రా? ఇంత చవగ్గా ఇస్తంటే ఇంక బ్లూ-రే ఎవడు కొంటాడు?"

కొట్టు ఎత్తేసేవాడే అయినకాడికి అమ్ముకుంటాడు. పేట బజారులో ఎవరిని అడిగినా ఆ ముక్క చెప్పేవాళ్లు.

సినిమా కంపెనీలన్నీ బ్లూ-రే వైపు వెళ్లిపోయాయి. హెచ్‌డీ డీవీడీ కథ ముగిసింది.

పొలం పోయినందుకు ఆయన ఎవరి దగ్గరా ఏడవలేదు. ఆయన దిగులంతా పెళ్లిళ్ల గురించే. షూటింగ్ క్యాసెట్లు చెరిపేసి మళ్లీ వాడేవాడు, అప్పట్లో చాలామంది అంతే. కాబట్టి ఆ పెళ్లిళ్లకు డిస్క్ తప్ప ఇంకే కాపీ లేదు.

అందరికీ ఫోన్లు చేశాడు. తీసుకురండి, మామూలు డీవీడీలోకి ఎక్కించి ఇస్తా, పైసా వద్దన్నాడు. చాలామంది వచ్చారు. కొందరు "మా ప్లేయర్ బాగానే ఉందిగా" అని ఊరుకున్నారు.

ఆ ప్లేయర్లు ఒక్కొక్కటే పాడైపోయాయి. చివరికి మావయ్య దగ్గరున్నదీ పోయింది.

ఈ మధ్య గురజాల నుంచి ఒకావిడ తన పెళ్లి డిస్క్ పట్టుకొచ్చింది. కన్యాదానం చేసిన నాన్న ఇప్పుడు లేడట. "మా నాయన గొంతు నా పిల్లలు ఒక్కసారన్నా వినాలన్నా" అంది.

డిస్క్ మీద చిన్న గీత కూడా లేదు. ఆడించడానికి మిషనే లేదు.

మావయ్య ఆన్‌లైన్‌లో వెతికి ఒక పాత ప్లేయర్ తెప్పించాడు. అదీ చదవలేదు. మొన్న మా గొడవ దాని గురించే.

"ఇంక వదిలెయ్ మావయ్యా. గెలిచిన బ్లూ-రే అయినా ఇప్పుడు ఎవరింట్లో ఉంది?" అన్నాను.

"ఆ పెళ్లివాళ్లకి ఈ డిస్కులు అడగడం కూడా తెలవదురా. నేను చెప్పాననే తీసుకున్నారు" అన్నాడు.

ఈ పొద్దున ఆయన ఫోన్ మోగింది. నేనే తీశాను. గురజాల ఆవిడ.

"అన్నా, మిషన్ ఏమన్నా దొరికిందా?"

విషయం చెప్పాను. అవతల ఏడుపు వినపడింది. ఎప్పుడు, ఎట్లా అని అడిగింది. అత్తయ్య ఎట్లా ఉందో అడిగింది. డిస్క్ మాట ఎత్తలేదు.

నేనే ఎత్తాను. డిస్క్ జాగ్రత్తగా ఉందమ్మా, పంపిస్తాను, కానీ ఆడించే దారి మాత్రం నాకు తెలియదు అన్నాను.

"సర్లే అన్నా. పిల్లలకి నేనేదో ఒకటి చెప్పుకుంటాలే. మీరు బాధపడమాకండి" అంది.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు.

వెళ్లిరా మావయ్యా. ఇంక ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. అక్కడైనా నీ మనసుకు నెమ్మది దొరకాలి.