నిమ్మకాయ పెట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేము మిషిగన్‌లోని నోవైలో ఉండేవాళ్ళం. కార్ల కంపెనీలో ఇంజనీరైన మా నాన్న, మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి పాత లేత్ మిషన్ కొని మా గరాజ్‌కి తెప్పించారు. విజయదశమినాడే దాన్ని దాని చోట నిలబెట్టాలని మా అమ్మ పట్టు. సాయానికి పక్కింటి అంకుల్ వచ్చారు. గుంటూరాయన, మిషన్ల మధ్యే బతికిన మనిషి. మిషన్‌ని చైన్ బ్లాక్‌కి, అంటే బరువులెత్తే గొలుసు కప్పీకి, వేలాడదీసే ముందే ఆయన ఒక మాట చెప్పారు: మిషన్ గాలిలో ఉన్నంతసేపూ దాని కింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు, దాని కింద ఆనించే చెక్క దిమ్మల్ని కూడా కర్రతోనే లోపలికి నెట్టాలి. ఆ మాట నేను శుభ్రంగా విన్నాను. వినలేదని బుకాయించడానికి కూడా లేదు.

కొత్త కారు కొన్నప్పుడు నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టడం చూసిన పిల్లని. పూజ పళ్ళెంలో నిమ్మకాయలు అలాగే ఉన్నాయి, పెద్దవాళ్ళు మర్చిపోయారనుకున్నాను. అవతలి పక్క నాన్న గొలుసు లాగుతూ మిషన్‌ని దింపుతున్నారు. ఇవతల అంకుల్ దాన్ని పట్టుకుని సరిచేస్తున్నారు. మిషన్ నేలకు బెత్తెడు ఎత్తులో ఉండగా నేను వంగి, దాని కాలి కింద నిమ్మకాయ పెట్టాను.

అంకుల్ అరవలేదు. నా చేతిని బయటికి విసిరికొట్టారు. ఆయన చెయ్యి లోపలే ఉండిపోయింది.

నాన్న పరిగెత్తుకొచ్చేసరికి నలిగిన నిమ్మకాయ, దాని పక్కనే రక్తం. “నాదే మిస్టేక్ అన్నయ్యా. నిమ్మకాయ పెడదామని నేనే చెయ్యి పెట్టాను” అన్నారు అంకుల్. ఆయన ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ రోజే కాదు, ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మతో కలిసి వాళ్ళింటికి వెళ్ళినప్పుడూ నిజం చెప్పలేదు. ఆయన నన్నేమీ అడగలేదు, పైగా చాక్లెట్ ఇచ్చారు. అది తినడానికి సిగ్గేసింది.

మరుసటి వేసవిలో అంకుల్ మా నాన్న సాయంతో తన డ్రిల్లింగ్ మిషన్‌ని చోటు మార్చారు. నేను దూరంగా నక్కి ఉంటే పిలిచి, నేల మీద సుద్దతో గీత గీసి, నన్ను దాని పక్కన నిలబెట్టారు.

“అమ్మలూ, ఎవరు గీత దాటినా స్టాప్ అను. నువ్వు స్టాప్ అంటే మీ నాన్నైనా ఆగాల్సిందే.”

నాన్నే దాటారు. స్టాప్ అన్నాను. పని ఆగిపోయింది. నాన్న మురిసిపోయి, “దసరా రోజున ఈ పిల్లని కాపలా పెట్టుంటే నీ వేళ్ళు నీకుండేవి కదరా” అన్నారు. అందరూ నవ్వారు. అంకుల్ కూడా నవ్వి, ఆ చేత్తోనే నా తల నిమిరారు. నేను తల ఎత్తలేదు.

అంకుల్ పోయి ఆరేళ్ళయింది. నేనూ జీవితమంతా ఫ్యాక్టరీల్లోనే పనిచేశాను. నాకంటే పెద్ద ఉద్యోగుల్ని, ట్రక్కుల్ని, క్రేన్లని ఎన్నిసార్లో మొహమాటం లేకుండా ఆపాను. అది ఆయన పెట్టిన భిక్ష. మా నాన్నకిప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా, అంత అనుభవం ఉన్నవాడు నిమ్మకాయ కోసం వేళ్ళు పోగొట్టుకున్నాడంటూ ఆ కథ మొదలుపెడతారు. నాన్నని మాత్రం ఒక్కసారి కూడా ఆపలేకపోయాను.