తీగ మీద తడి గుడ్డలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, శ్రావణమాసం. బందరులో చిలకలపూడి వైపు ఒక లెక్చరరు గారింట్లో పసిబిడ్డకు నీళ్లు పోయడానికి కుదిరాను. నా పేరు మార్తమ్మ. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. మా ఆయన పోయాక ఒక నర్సింగ్ హోములో పదహారేళ్లు ఆయాగా చేశాను. మోకాళ్లు మొరాయించాక ఇళ్లకు వెళ్లి పసివాళ్లకు స్నానాలు చేయిస్తున్నాను. ఎంతమందికి పోశానో లెక్క లేదు గానీ, ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పురుడు గుడివాడలో, ఆపరేషను. నాలుగో రోజున తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చారు. బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి, పుట్టినప్పటి బరువు తగ్గింది. పసికామెర్లు. బరువు ఇంకా తగ్గి, కామెర్లు ముదిరితే ఆస్పత్రిలో ఉంచి లైటు కింద పడుకోబెట్టాలని పిల్లల డాక్టరు గారు చెప్పారట. తల్లి సునీతకు అదే బెంగ. కుట్లతో తను ఒకచోట, బిడ్డ ఒకచోట.

బిడ్డ తండ్రి లెక్చరరు గారు ఫ్రిజ్ మీద టైం టేబుల్ అంటించారు. రక్తపరీక్ష, చెవి పరీక్ష, టీకా, కుట్లు చూపించడానికి మళ్లీ గుడివాడ. వాటి మధ్య ఖాళీల్లో రెండేసి గంటలకు ఫీడింగ్, అంటే పాలివ్వడం. ఒక్కోదానికి ఒక్కో రంగు. బెల్లు కొడితే నాలుగు రోజుల పసివాడు క్లాసుకు వస్తాడా?

జరిగిందేమిటంటే, కారు కదిలితే బిడ్డ నిద్ర. ఆస్పత్రిలో టోకెన్ తీసుకుని కూర్చుంటే పాల వేళ దాటిపోయేది. హాల్లో మగవాళ్లున్నారని సునీత బిడ్డను రొమ్ముకు పట్టేది కాదు, ఇంటికెళ్లి ఇస్తాననేది. ఇంటికొచ్చాక వాడు నాలుగు చుక్కలు చప్పరించి మళ్లీ కళ్లు మూసేవాడు.

నా తప్పూ ఉంది. మొదటిరోజు నీళ్లు పోస్తే వాడు కిక్కురుమనలేదు. "ఎంత బుద్ధిమంతుడమ్మా" అన్నాను. ఇంటిల్లిపాదీ మురిశారు, నేనూ మురుసుకుంటూ ఇంటికొచ్చాను. కామెర్ల బిడ్డ మగతగా ఉంటాడు, ఆకలేసినా ఏడవడు. ఆయాగా అది ఎన్నిసార్లు చూశానో! ఆ పూట నా బుర్ర ఏ గట్టున ఉందో మరి.

మర్నాడు పొద్దున పది గంటలకు డైపర్ విప్పితే దూదిలా తేలిగ్గా ఉంది. ఎప్పుడు వేశారంటే, నిన్న సాయంత్రమన్నారు. చెంబు కింద పెట్టేశాను.

"బాబూ, నిన్న ఎన్నిసార్లు పాలు తాగాడు?"

లెక్చరరు గారు ఫోను చూశారు. "తొమ్మిదిసార్లండీ. అన్నిటికీ టిక్ పెట్టాను."

"టిక్కు తాగిందా, బిడ్డ తాగాడా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "టైం అవగానే టిక్ పెట్టేస్తున్నానండీ" అన్నారు.

డైపర్ల ప్యాకెట్ తీసి బీరువా మీద పడేశాను. పాత నూలు చీరలు అడిగి గుడ్డలు చింపాను. డైపర్ ఎంత తడిసిందో తెలియనివ్వదు, గుడ్డ దాచదు. ఆ వయసుకు రోజుకు ఆరుసార్లయినా తడపాలి. సాయంత్రం డాక్టరు దగ్గరికి బయల్దేరే వేళకు పెరట్లో తీగ మీద ఒకే ఒక్క గుడ్డ వేలాడుతోంది. నేనూ కారెక్కాను.

మా టోకెన్ పద్నాలుగు. పది నడుస్తుండగా బిడ్డ టోపీ తీసి, చొక్కా విప్పి, అరికాళ్లు గోకాను. విసుక్కుని నోరు తెరిచి వెతుక్కున్నాడు. సునీత కుర్చీని గోడవైపు తిప్పి, నా పమిట అడ్డం పట్టాను. రెండుసార్లు జారి, మూడోసారి అందుకున్నాడు. దీన్నే నర్సులు లాచింగ్ అంటారు, బిడ్డ నోరు సరిగ్గా పట్టడమన్నమాట. గుటక వినపడింది. సరిగ్గా అప్పుడే పద్నాలుగు అని పిలిచారు.

"మార్తమ్మగారూ, మన నంబరండీ. ఇప్పుడు తప్పితే చివర్లో వేస్తారు" అన్నారు లెక్చరరు గారు.

"వెయ్యనీండి."

"ఆరింటికి చెవి పరీక్ష కూడా ఉందండీ."

నేను నోరు తెరిచేలోపే సునీత తల తిప్పకుండా అంది: "మీరెళ్లి చివర రాయించుకు రండి. వీడు తాగుతున్నాడు."

ఆ పిల్ల గట్టిగా మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి. ఆయన వెళ్లి రాయించుకొచ్చారు. బిడ్డ రెండువైపులా తాగాడు.

చివర్లో పిలిచారు. బరువు ముందురోజుకంటే తగ్గలేదు, పెరగనూ లేదు. లెక్చరరు గారు ఫోను తెరవబోతే డాక్టరు గారు చేత్తో ఆపారు. "అది కాదండీ, ఒంటేలు ఎన్నిసార్లు పోశాడు?"

ఆయన నావైపు చూశారు. "పొద్దుట్నుంచి తీగ మీద ఒక గుడ్డండీ. ఇప్పుడే నా చీర మీద ఇంకోసారి" అన్నాను. పాలు గంటన్నరకోసారి లేపి పట్టమన్నారు డాక్టరు గారు. ఎల్లుండి మళ్లీ రక్తం చూస్తానని, అప్పటికి తేరుకోకపోతే చేర్చుకోక తప్పదని చెప్పారు. చెవి పరీక్ష నెలలోపు ఎప్పుడైనా చేయించుకోవచ్చన్నారు. దానికోసమా తండ్రీ ఇంత పరుగు!

మర్నాడు గుడ్డలు నాలుగు. ఆ మర్నాడు ఎనిమిది. ఉతికి ఆరేసింది లెక్చరరు గారే. రక్తపరీక్షకు వెళ్లేముందు తీగను ఫోనులో ఫొటో తీసి, డాక్టరు గారికి చూపించారు. బరువు పెరిగింది, కామెర్లు దిగుతున్నాయి, చేర్చక్కర్లేదన్నారు. సునీత కారులోనే కొంగు కప్పుకుని పాలిచ్చింది.

ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా నీళ్లు కాగాయా అని ముందు అడగను. పెరట్లోకెళ్లి తీగ చూస్తాను. బిడ్డ నెమ్మదస్తుడని ఎవరన్నా మురిస్తే నాకు గుబులు. చెంబెడు నీళ్లు పడగానే గుక్కపట్టి ఏడిస్తే మాత్రం, "ఏడు నాయనా, ఏడు" అంటాను.