బావ మెత్తబరిచిన రీడు

మా అక్క తెరేసమ్మ మొగుడు ఏసుపాదం మా పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయిస్తాడు. నేను పెద్ద డ్రమ్ము. విజయవాడ వన్ టౌనులో మా ఇళ్ళు పక్కపక్కనే. డెబ్భై నాలుగు వేసవిలో బావకు పైపన్ను ఊడింది. ఉయ్యూరు పెళ్ళిలో ఎవరో చెరుకుగడ ఇస్తే, కత్తి తెచ్చేదాకా ఆగలేక పంటితో చీల్చబోయాడు.

క్లారినెట్టును పైపళ్ళతో కరిచిపట్టి ఊదాలి. ఆ పట్టు సడలితే, కింది పెదవి మీద ఆనుకునే పలచటి బద్ద, అంటే రీడు, పలకదు. బావ వాడేవన్నీ గట్టి రీడ్లే. మెత్తవి వాడేవాళ్ళంటే చులకన. "అది ఊదడం కాదురా, పాలు తాగడం" అనేవాడు. ఇప్పుడు ఎంత ఊదినా ఉత్త గాలే వచ్చింది.

బ్యాండు మాస్టరు మాణిక్యం గారు వచ్చి విన్నారు. "ఆదివారం మళ్ళీ ఉయ్యూరు పెళ్ళే కదయ్యా. అప్పటికి పలికితే సరే, లేదంటే క్లారినెట్టు పక్కన పెట్టి కంచు తాళాలు పట్టుకో" అన్నారు. బావ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు బావ అరుగు మీద కూర్చుని రీడ్లు ఒక్కొక్కటే ఎండకు పట్టి చూశాడు. నార కొసదాకా తిన్నగా ఉన్నవి ఏరాడు. నోట్లో నానబెట్టి, గాజుపలక మీద పెట్టి, పలచబడి మెత్తనయ్యేలా ఉప్పుకాగితంతో రుద్దాడు. కాస్త రుద్దడం, ఊది చూడడం. చెయ్యి జారి కొన్ని పాడయ్యాయి.

అక్క గుమ్మంలోంచి చూసింది. "పంతం మానేసి ఇంకాస్త మెత్తగా చేసుకోండి. పాలు తాగితే తప్పేముందండీ?"

బావ ఉడుక్కున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళాక, ఇంకాస్త రుద్దాడు. రీడు పలికింది. గొంతు మాత్రం చిన్నది.

ఆదివారం ఊరేగింపులో నా మొదటి దెబ్బకే ఆ గొంతు మునిగిపోయింది. బావ మెడనరాలు ఉబ్బేలా ఊదుతున్నాడు. మాస్టరు తాళాల వైపు చూశారు. నాకు ఒళ్ళు మండింది. భుజం మీది తువ్వాలు తీసి డ్రమ్ము మీద కప్పి, మెల్లగా కొట్టడం మొదలుపెట్టాను. బ్యాండంతా నా దెబ్బను బట్టే నడుస్తుంది, అందరూ తగ్గారు. మాస్టరు నన్ను ఎగాదిగా చూసి ఊరుకున్నారు.

అప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళుగా పక్కనే నడుస్తున్నాను, బావ పాటలో అన్ని మెలికలున్నాయని నాకు తెలియనే తెలియదు.

పాట అయ్యాక బావ చెమట తుడుచుకుంటూ, "ఏరా, డ్రమ్ము పగిలిందా?" అన్నాడు.

"లేదు బావా, వింటున్నాను" అన్నాను.