దారి తప్పని బర్రె

మా బర్రె ఆ రోజు కందిచేలో లేదు. నలుగురి ముందు అడిగినప్పుడు ఉందని చెప్పాను. ఆ తర్వాత పదకొండేళ్లు నోరు విప్పలేదు. చెప్పింది అబద్ధం; చెప్పకుండా ఉండటం దాన్ని పెంచి పోషించడం.

అప్పుడు నాకు పదిహేనేళ్లు, తాండూరులో చదువుతున్నాను. నిజాం పాలన పోయి కొన్నేళ్లే అయింది. సేవ అనే మాట కొత్తగా కుట్టించుకున్న చొక్కాలా అందరి ఒంటి మీదా కనిపించేది. ఒకరోజు ప్రార్థన అయ్యాక డ్రిల్లు సార్, "మూగజీవాలకు సేవ చేసెటోళ్లు ముంగటికి రాండ్రి" అన్నాడు. మొదటి గంట లెక్కల పరీక్ష. ఏడుగురం వెళ్లాం.

సేవ ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియదు. అందుకని అధ్యక్షుడి దగ్గర మొదలుపెట్టాం. తర్వాత ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి, ప్రచారకుడు. మిగిలినవాడు ఒట్టి సభ్యుడు. వాడు మూడో రోజున అలిగి మానేశాడు. దాంతో మా సేవాదళంలో పని చెప్పించుకునేవాడు ఎవడూ లేకుండా పోయాడు. నేను కార్యదర్శిని. అందరి ఛాతీ మీదా ఆవు బొమ్మ ఉన్న గుడ్డబిళ్ల. బొమ్మ వేసినవాడికి ఆవు కాళ్లు కుదరలేదు కాబట్టి దాన్ని ఎత్తైన గడ్డిలో నిలబెట్టాడు.

మా సేవకు కేటాయించిన చోటు బందెలదొడ్డి. పంట మీద పడిన పశువులనూ, దారి తప్పిన వాటినీ తెచ్చి కట్టేసే చోటు. వెళ్లగానే కావలివాడు మా చేతికి తట్ట అందించి, "పెండ తియ్యుండ్రి" అన్నాడు. మేం దాని మీద సమావేశం పెట్టుకున్నాం. పేడ తీయడం పారిశుధ్యం అవుతుందే కాని సేవ కాదని తీర్మానం చేశాం. గోడ మీద సున్నంతో 'మూగజీవాల ప్రేమాలయం' అని రాశాం. ఆలయంలో ఉన్న జీవం ఒక్కటే, మట్టి మోసే గాడిద. దానికి ఇద్దరు నీళ్లు పెట్టేవాళ్లు, ముగ్గురు మెడ నిమిరేవాళ్లు. ఇదంతా నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి.

మా పేరు ఎవరి చెవిన పడిందో, ఒక పై అధికారి చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన రేపు వస్తాడనగా గాడిద యజమాని వచ్చి తాడు విప్పాడు.

"ఒక్క దినం ఉండనియ్యి అన్నా. పెద్దసారు వస్తుండు" అని మా అధ్యక్షుడు బతిమాలాడు.

"గట్లనా? మరి నా మట్టి మీ పెద్దసారు మోస్తడా?" అని గాడిదను తోలుకుపోయాడు.

డ్రిల్లు సార్ ఖాళీ దొడ్డి చూసి తల పట్టుకున్నాడు. "ఇజ్జత్ పోతదిరా. ఏదో ఒక జీవాన్ని జూడుండ్రి."

ఆ చూడటం నా వంతు అనుకున్నాను.

మా గల్లీ పశువులన్నిటినీ ఒకాయన మేపేవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. పొద్దున్నే గల్లీ మొగదల నిలబడి, "ఇడ్సుండ్రో... పసుల నిడ్సుండ్రో" అని కేక వేసేవాడు. తలుగు విప్పగానే పశువులు వాటంతట అవే ఆయన దగ్గరికి నడిచేవి. ఆయన చేతి కింద ఉన్న ఒక్క పశువు కూడా బందెలదొడ్డి తొక్కలేదని ఊరంతా చెప్పుకునేది. ఆయనకు చేను లేదు, చెలక లేదు. బతుకంతా ఆ మాట మీదే నడిచేది.

మర్నాడు మధ్యాహ్నం నేను బండల గనుల పక్కనున్న బీడుకు వెళ్లాను. మంద నెమరేస్తూ పడుకుని ఉంది. కాక నీళ్ల కోసం గనిలోకి దిగాడు. నా జేబు నిండా గానుగ నుంచి తెచ్చిన పల్లిచెక్క. మా ఇంటి బర్రె నన్ను చూసి లేచింది. ముక్క ముక్క తినిపిస్తూ బందెలదొడ్డి దాకా నడిపించుకొచ్చాను. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. నన్ను నమ్మడానికి దానికి కారణాలున్నాయి, చిన్నప్పటి నుంచీ చూస్తోంది.

సాయంత్రం అధికారి వచ్చాడు. వెంట ఊరి పెద్దలు. డ్రిల్లు సార్ నన్ను ముందుకు తోసి, దారి తప్పిన జీవాన్ని కాపాడింది ఈ పిల్లాడే అన్నాడు. బర్రె మెడ చాచి నా జేబు నాకడం మొదలుపెట్టింది. "చూశారా, పశువుకు ఎంత కృతజ్ఞత!" అని అధికారి కళ్లు తుడుచుకున్నాడు. జేబులో ఇంకా రెండు ముక్కలున్నాయి.

పెద్దల్లో మా బాపు ఉన్నాడు. "గిది మన బర్రె గాదురా?" అన్నాడు.

అదే సమయానికి కాక రొప్పుతూ వచ్చాడు. మంద వెనకాలే ఉంది.

"ఏం కావలి గాస్తున్నవయ్యా? నీ మీద భరోసతోని తోలితే బందెలదొడ్ల దేలింది" అని బాపు కేకలేశాడు.

"మందల్నే ఉండె పటేలా. నీళ్లకు దిగి ఎక్కేసరికి లేదు. ఎవరో తోల్కపోయిండ్రు."

జనం గొల్లుమన్నారు. "బర్రెను ఎత్కపోయి బందెలదొడ్ల కట్టేసే దొంగ యాడుంటడే?" అన్నాడొకడు.

యాడనో కాదు, ఆవు బొమ్మ బిళ్ల పెట్టుకుని అధికారి పక్కనే ఉన్నాడు.

కాక నా వైపు తిరిగాడు. "చిన్న పటేలా, నువ్వే జెప్పు. నువ్వు జూసినప్పుడు యాడుండె?"

అధికారి చెయ్యి నా భుజం మీద ఉంది.

"కందిచేన్ల ఉండె" అన్నాను.

కాక వంగి బర్రె మూతి తుడిచి, ఆ చెయ్యి వాసన చూసుకున్నాడు. నన్నొకసారి చూసి, మందను తోలుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఒక్కో ఇల్లూ తన పశువును వేరే కాపరికి అప్పజెప్పింది. పశువులకు ఈ సంగతి అర్థం కాలేదు. కాక కేక వినగానే అటే గుంజుకునేవి, ఇళ్లవాళ్లు తాళ్లు పట్టి వెనక్కి లాగేవాళ్లు. మా బర్రె అయితే నెల రోజులు అలాగే గుంజింది. ఆ తాడు పట్టుకున్నది నేనే. తర్వాత కేక వినబడలేదు. కాక వికారాబాదులో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడన్నారు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. బాపు దానికి అద్దం కట్టించాడు.

ఆ పత్రమే నన్ను వికారాబాదులో పంతులును చేసింది. కాకను అక్కడ అంగట్లో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ పక్క సందులోకి తిరిగాను. ఇంతలో మా హెడ్మాస్టరు, "జీవసేవల మీకు అనుభవమున్నది గదా" అంటూ పదిమంది పిల్లలను అప్పగించి పశువుల దవాఖానకు పంపాడు.

"సార్, సేవ ఎట్ల షురూ చెయ్యాలె?" అని అడిగింది ఒక పిల్ల.

"ముందుగాల అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలె" అన్నాడు పక్కనున్న పిల్లాడు, నిండు నమ్మకంతో.

నాకు నా గొంతే వినిపించింది. మూలనున్న తట్ట తీసుకుని పెండ ఎత్తడం మొదలుపెట్టాను. పిల్లలు కాసేపు చూసి చేతులు వేశారు. ఆ సాయంత్రమే అనంతగిరి గుట్టల కింద కాక బిడ్డ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

కాక బాగా ముసలివాడయ్యాడు. మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆకు తినిపిస్తున్నాడు. ఉన్నదంతా చెప్పాను.

"నాకు తెల్వదా?" అన్నాడు. "కంది మేసిన మూతికి పల్లిచెక్క వాసనెట్లొస్తది?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు కాకా?"

"పటేలు కొడుకు మాట ఇడిసి నా మాట ఎవరింటరు?"

తప్పయిందని చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు.

"గీడ జెప్తే ఏం ఫాయిద? గీ మేకపిల్ల నన్నేమన్నదా? ఎవరు నవ్విండ్రో ఆళ్లకు జెప్పు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైలెక్కి తాండూరులో దిగాం. పశువులను విడిచే వేళ. గల్లీ మొగదల, ఎప్పుడూ తాను నిలబడే చోటే కాక కర్ర ఆనించి నిలబడ్డాడు. తాళ్లు పట్టుకుని జనం గడపల్లోకి వచ్చారు. బాపు కూడా అరుగు దిగాడు.

"ఏంరా, తెల్లారంగనే ఊడిపడ్డవ్?" అన్నాడు.

నేను కాక వైపు తిరిగాను. వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తాను.

"ఆ దినం బర్రె కందిచేన్ల లేకుండె కాకా. నీ మందల్నే ఉండె. పల్లిచెక్క వెట్టి నేనే తోల్కపోయిన. నీ కావలి తప్పలే, నేను తప్పిన. నన్ను మాఫ్ జెయ్యి."