కోసి గొంతు

యేసుపాదం తండ్రి పట్టాల పని మీద శ్రీకాకుళం నుంచి కిరండూల్ వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. కొడుకు రైల్వేలో చేరలేదు, బజారులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. గని ఊరి ఎర్ర ధూళి ఏ కంప్యూటర్ పెట్టెనూ వదలదు కాబట్టి అతనికి పనికి లోటుండేది కాదు.

ఆ ఎండాకాలం గొల్లపల్లి అనే అడవి ఊరి నుంచి ముయె అనే పెద్దావిడ వచ్చింది. బస్సులు మారి, పాత చీరలో మూటగట్టిన కంప్యూటర్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అది ఆమె కూతురు కోసిది. కిరండూల్‌లో టైపింగ్ పని చేసుకునే ఆ పిల్ల కిందటి వానాకాలంలో జ్వరం మెదడుకెక్కి చనిపోయింది.

"దీంట్ల నా బిడ్డ మాట ఉంది కొడుకా. పలికియ్యి," అంది ముయె.

మదర్‌బోర్డు కాలిపోయి ఉంది. హార్డ్‌డిస్క్ మాత్రం ఊడదీసి తన కంప్యూటర్‌కి తగిలిస్తే వెంటనే వినొచ్చని యేసుపాదం చెప్పాడు.

"వద్దు. నా బిడ్డ దీని ముందలనే కూసునేది. దీంట్లనే పలకాలె."

అతను కాదనలేకపోయాడు. అదే రకం పాత బోర్డు వెతికి బిగించాడు. ఫ్యాను తిరిగింది గాని తెర వెలగలేదు, పెట్టె కూతలు పెట్టింది. ర్యామ్ తీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ కూర్చోబెట్టాడు. కూత ఆగింది. తెర వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది.

"ఏందయ్యా, పలుకదా?"

"ఉండు పెద్దమ్మా, సూత్తన్నాను కదా."

బోర్డు మొత్తం విప్పాడు. కాలిన బోర్డు విప్పినప్పుడు జారిన మరమేకు ఒకటి కిందే ఉండిపోయి, ఇప్పుడు బిగించినదాని వీపుకు తగులుతోంది. దాన్ని తీసేశాక కరెంటు నిలబడింది. ఈసారి పెట్టెకు డిస్క్ కనబడలేదు. కేబుల్ మార్చాడు. అప్పుడు తెర మీద కోసి పెట్టుకున్న ఇంద్రావతి నది బొమ్మ వచ్చింది. ముయె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపల ఒకే ఒక్క రికార్డింగు ఉంది. ముయె పాడిన నాట్ల పాట. పాట అయిపోయేదాకా ముయె కదలకుండా కూర్చుంది.

"ఇది నా గొంతే గదా. నాకెందుకు? మొదట్ల ఉన్నది పెట్టు, పాటకు ముందలిది."

మళ్లీ మొదటినుంచి పెట్టాడు. పాటకు ముందు ఒక నవ్వు, ఆ వెంటనే తల్లితో ఒక మాట: "ఆగవే అవ్వా, ఇంకా మొదలు కాలే."

కోసి గొంతు అంతవరకే ఉంది.

"మళ్ల," అంది ముయె. మళ్లీ పెట్టాడు. దుకాణానికి వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోయారు.

పొద్దువాలాక ఆ ముక్కను ఆమె ఫోన్లోకి ఎక్కించి, పెట్టె మోసుకుని బస్సుదాకా వెళ్లాడు. కిటికీ దగ్గర కూర్చున్న ముయె, "నీ ఇంటిది ఏది కొడుకా?" అని అడిగింది.

"మా ఆవిడ సువార్త పోయి రెండేళ్లయినాది, పెద్దమ్మా."

"ఆమె మాట గిట్ల దాసుకున్నవా?"

యేసుపాదం తల అడ్డంగా ఊపాడు. ముయె కిటికీలోంచి చెయ్యి చాపి అతని చెంప నిమిరింది. బస్సు కదిలింది. ఆమె ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.