పసుపునీళ్ళతో తుడిచిన డిస్కులు

మా స్టేడియంలో ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళకి కోర్టు కనపడుతుంది, గోడమీద పెద్ద తెర కనపడుతుంది. ఆ తెరమీదికి బొమ్మ ఎక్కణ్ణించి వస్తోందో ఎవరికీ పట్టదు. మెట్ల కిందనుంచి వస్తుందండీ. మెట్ల కింద ఒక ఏసీ గది, పైన రెండు గదులు, మధ్యలో ఇరవైరెండు మెట్లు. ఎనిమిదేళ్ళు ఎక్కి దిగాను కనక మెట్ల సంఖ్యలో మాత్రం నేను తప్పు చెప్పను.

నన్ను పెట్టుకుంది ఊడవడానికీ టీలివ్వడానికీ. నేను చదివింది ఐదో తరగతి. పొద్దున్నే భవానీపురంలో ఆటో ఎక్కి వచ్చి గదులు తుడిచేదాన్ని. అయితే చేరిన నెలలోనే అక్కడి అసలు కష్టం కనిపెట్టాను. కెమెరాలు తీసిందంతా డిస్కుల్లో పడుతుంది. డిస్కంటే అగరొత్తుల పెట్టెంత ఉంటుంది. ఆట అయ్యీ అవగానే ఆ ఒక్క డిస్కు ముగ్గురికి కావాలి. కింద పెద్ద తెర నడిపే అబ్బాయికి కావాలి. పైన ఒక గదిలో మంచి మంచి ముక్కలు కత్తిరించి కూర్చే హైలైట్స్ అబ్బాయికి కావాలి. ఆ పక్క గదిలో బొమ్మమీద పేర్లూ పాయింట్లూ ఎక్కించే గ్రాఫిక్స్ అమ్మాయికి కావాలి.

"పిన్నీ, ఇవాళ నాకు ముందు" అని ఒకడు.

"వాడు గంటనుంచీ పెట్టుక్కూచున్నాడు పిన్నీ, వెళ్ళి లాక్కురా" అని గ్రాఫిక్స్ పిల్ల.

ఒక్క పెనం దగ్గర ముగ్గురు పిల్లలు పళ్ళేలు పట్టుకు కూర్చుంటే తల్లి ఏం చేస్తుంది? ఆకలి ఎవరికెక్కువో చూసి వేస్తుంది. నేనూ అదే చేశాను. డిస్కులు మోసే పని అలా నా చేతికొచ్చింది, బీరువా తాళం కూడా నా కొంగుకే చేరింది. మూడు అరల నిండా డిస్కులు. ఒక్కోదానికీ చిన్న కాగితం చీటీ అంటించి, ఏ రోజు ఏ ఆటో రాసేవాళ్ళు.

ఈ మెట్ల గోల చూసీ చూసీ మా ఇన్‌ఛార్జి గారు పై అధికారులకి చెప్పి చెప్పి షేర్డ్ స్టోరేజీ అని ఒకటి తెప్పించారు. హైదరాబాదునుంచి ఇంజనీరు వచ్చాడు. ఫ్రిజ్జంత నల్లబీరువా కింది ఏసీ గదిలో దింపించి, మూడు గదులకీ వైర్లు లాగించాడు. ఏమిటయ్యా ఇది అని అడిగాను.

"ఇప్పటిదాకా మీరు చెంబుతో మోశారమ్మా. ఇక కుండ ఒకచోటే ఉంటుంది. ఎవరి గదిలోంచి వాళ్ళు ముంచుకుంటారు" అన్నాడు.

"అందరూ ఒకే కుండలో ముంచితే ఎంగిలి కాదూ?"

అతను కాసేపు ఆలోచించాడు పాపం. "కాదమ్మా. ఎంతమంది ముంచినా నీళ్ళు తగ్గవు, మాసిపోవు. అదే దీని గొప్ప" అన్నాడు.

అంత మర్యాదగా చెప్పినవాడికి మళ్ళీ ఎదురడగలేకపోయాను గానీ, నమ్మలేదు.

ఇక ఇంకో పిల్ల సంగతి చెప్పాలి. మైలవరం దగ్గర పల్లెపిల్ల, కబడ్డీ ఆడుతుంది. మా కోర్టులో ఆటలున్నప్పుడల్లా చెప్పులూ సంచీ నా దగ్గర పడేసి, "పెద్దమ్మా, ఇవాళ కూరేంటి?" అని అడిగాకే లోపలికెళ్ళేది. ఈ ఏడు దానికి ఒక పెద్ద జట్టునుంచి పిలుపొచ్చింది, వచ్చి ఆడి చూపించమని. సరిగ్గా అప్పుడే మోకాలు తిరిగి కాలికి కట్టు పడింది. ఆడి చూపించే దారి లేదు. వాళ్ళు మంచివాళ్ళే, నువ్వు ఇదివరకు ఆడిన మూడు ఆటల వీడియో పంపు, చూసి చెప్తాం, ఫలానా రోజు సాయంత్రం నాలుగింటిలోగా అందాలి అన్నారు. ఆ మూడూ మా స్టేడియంలో ఆడినవే, మా బీరువాలో ఉన్నవే. ఇన్‌ఛార్జి గారు ఆ పిల్లకి మాటిచ్చారు: "కొత్త మిషనుకి పూజ చేసిన పూటే, మొదటి పని నీదేనమ్మా." పూజ రోజూ, గడువు రోజూ ఒకటే అయ్యాయి.

పూజ ముందురోజు మధ్యాహ్నం ఆయన నాతో అన్న మాట, "అక్కగారూ, రేపు పూజ కదా, అన్నీ శుభ్రం చేయించండి." అన్నీ అన్నారు. నేను గది కడిగాను, కిటికీలు తుడిచాను, గుమ్మానికి మామిడాకులు కట్టాను. అప్పుడు డిస్కుల బీరువా తెరిచాను. కొత్తదానికి పూజ చేసి ఇన్నేళ్ళు చాకిరీ చేసినవాటిని దుమ్ముతో వదిలెయ్యడం న్యాయమా? మా పుట్టింటివాళ్ళు నేతవాళ్ళు. దసరాకి కొత్త మగ్గానికీ పాత మగ్గానికీ ఒకేలా బొట్టు పెడతాం, విరిగిపోయిన నూలు కండెకి కూడా పెడతాం. మెత్తని నేతగుడ్డ పసుపునీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఒక్కో డిస్కూ తుడిచాను. చీటీలు తడిసి, సిరా కారి, చూడ్డానికి అసహ్యంగా అయ్యాయి. గోరుతో గీకేశాను. నున్నగా వచ్చాయి. ఒక్కోదానికీ ముఖం ఎటువైపుందో చూసి కుంకుమ పెట్టి, తీసిన వరసలోనే మళ్ళీ సర్దాను. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

పొద్దున ఇన్‌ఛార్జి గారు బీరువా తెరిచి అలాగే నిలబడ్డారు.

"అక్కగారూ, చీటీలేవీ?"

"మాసిపోయాయండీ. తీసేశాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇది ఇల్లనుకున్నారా?"

"అవునండీ" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను మరి.

ఆయనకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఆ పిల్ల వీడియోలు గుర్తొచ్చి. అప్పటికిగానీ నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. చీటీ లేకపోతేనేం, లోపల తేదీలుంటాయి కదా అన్నాడు ఇంజనీరు. మా కెమెరాల్లో తేదీలు ఎవరూ ఏనాడూ సరిచెయ్యలేదని, లోపలి ఫైళ్ళ పేర్లన్నీ వట్టి అంకెలేనని హైలైట్స్ అబ్బాయి చెప్పాడు. బీరువా నిండా ఒకే రంగు, ఒకే బొట్టు, ఒకే మొహం.

కొబ్బరికాయ గబగబా కొట్టేశారు. అదీ మెట్ల దగ్గర, నీళ్ళు మిషను మీద పడితే ఒప్పుకోనని ఇంజనీరు పట్టుబడితే. హారతి ఇచ్చి, "ఇక వెతకాల్సిందే" అన్నారు ఇన్‌ఛార్జి గారు. నేను అలవాటుకొద్దీ నాలుగు డిస్కులు చేతుల్లోకి తీసుకుని మెట్లవైపు నడిచాను.

"ఎక్కడికమ్మా? ఇక్కడే పెట్టండి. మీరూ కూర్చోండి" అన్నాడు ఇంజనీరు.

ఆ గదిలో కుర్చీలో కూర్చోవడం ఎనిమిదేళ్ళలో అదే మొదలు. అతను నాలుగు డిస్కులూ మిషనుకి తగిలించాడు. నా ముందు తెరమీద బొమ్మ వచ్చింది. పైన రెండు గదుల్లోనూ ఇదే బొమ్మ ఇప్పుడే వస్తోంది అన్నాడు. పరీక్ష చెయ్యకుండా ఎలా ఒప్పుకోను? గ్రాఫిక్స్ అమ్మాయికి ఫోను చేశాను.

"ఏం కనపడుతోందే నీకు?"

"ఎర్రచీరావిడ పాపకి పాలసీసా పడుతోంది పిన్నీ. పాప దాన్ని తోసేస్తోంది."

నా ముందు కూడా పాప సీసా తోసేస్తోంది. ఇరవైరెండు మెట్ల పైన, అదే పాప, అదే తోపు! ఇంత బాధలోనూ నవ్వొచ్చేసింది నాకు.

"ఈ పాప వాలీబాల్ రోజు వచ్చింది" అన్నాను. "కరెంటు పోయి మనందరం బయట మెట్లమీద కూర్చున్నామే, ఆ రోజు. కబడ్డీ కాదు, తీసెయ్."

ఇంజనీరు నావైపు చూశాడు. ఇంకోటి తెరిచాడు.

"ఇది బాస్కెట్‌బాల్. ఆవకాయ పెట్టిన మర్నాడు. హైలైట్స్ అబ్బాయి మూడుసార్లు కలుపుకుని పొట్ట పట్టుకున్నాడు."

"రెండుసార్లే!" అని ఫోన్లోంచి అతని కేక.

"అమ్మా, మీరు ఆట చూసి చెప్తున్నారా, పచ్చడి చూసి చెప్తున్నారా?" అన్నాడు ఇంజనీరు.

"ఎవరు గెలిచారో నాకు తెలీదు బాబూ. ఎవరేం తిన్నారో, ఎవరేం కట్టుకున్నారో తెలుసు."

అలా సాగింది. నేను చెప్పిన మాట చెప్పినట్టే గ్రాఫిక్స్ అమ్మాయి పైన కూర్చుని ఒక్కోదానికీ పేరుగా కొడుతోంది. పదకొండింటికి ఆ పిల్ల మొదటి ఆట దొరికింది. దొరికీ దొరకగానే హైలైట్స్ అబ్బాయి తన గదిలో కత్తిరించడం మొదలెట్టాడు, మేం కింద వెతుకుతూనే ఉన్నాం. మధ్యాహ్నానికి రెండోది కూడా దొరికింది. మూడోది లేదు.

ఒంటిగంటకి ఆ పిల్లే ఫోను చేసింది. "పెద్దమ్మా, దొరికాయా?"

దాచడం నాకు చేతకాదు. పసుపునీళ్ళ సంగతంతా, రెండే దొరికాయని కూడా చెప్పేశాను. అవతల నవ్వు. "నా డిస్కుకి బొట్టు పెట్టావా పెద్దమ్మా? ఇంట్లో మా అమ్మ నా మోకాలికీ పెట్టింది." నవ్వు ఆపి అంది: "ఆ రెండిట్లో నేను మామూలుగానే ఆడాను. మూడోది చూస్తేనే పిలుస్తారు. మూడోది ముఖ్యం."

"తెలుసే" అన్నాను. అన్నం తినబుద్ధి కాలేదు నాకు.

రెండు దాటాక ఒక డిస్కులో ఆట లేకుండా వట్టి జనమే కనపడ్డారు. జనంవైపు తిప్పి పెట్టే కెమెరా అది. ఇంజనీరు తీసెయ్యబోయాడు.

"ఆగు బాబూ! ఆ పచ్చచొక్కాయన్ని చూడు, గొడుగు తెరిచి పట్టుకున్నాడు లోపల. ఆ రోజు వాన, సరిగ్గా ఆయన కూర్చున్న చోటే పైకప్పు కారింది. లేచి పక్క కుర్చీలోకి మారమంటే మారలేదు, టిక్కెట్టుమీద ఈ నంబరే ఉందన్నాడు. మన కబడ్డీ పిల్ల మూడో ఆట ఆ రోజే!"

ఒకరోజు తీసిన డిస్కులన్నీ బీరువాలో పక్కపక్కనే ఉంటాయి. నేను తీసిన వరసలోనే పెట్టాను కదా. దాని కుడిపక్కది తీసి తగిలించాం. తెరుచుకోలేదు. మళ్ళీ తగిలించాం. మిషను దాన్ని గుర్తే పట్టలేదు. ఇన్‌ఛార్జి గారు గోడగడియారం వైపు చూశారు. ఇంజనీరు డిస్కు కంటి దగ్గర పెట్టుకుని, సెల్లు లైటు వేసి లోపలికి చూశాడు.

"అమ్మా, బొట్టు ఎక్కడ పెట్టారు?"

"ముఖం మీద."

"ముఖం కాదమ్మా ఇది, నోరు. వైరు గుచ్చే చోటు. దీనికి కుంకుమ మింగించారు మీరు."

మిగతావాటికి పైపైన అంటించాను. ఇది చివరి అరలోది, చేతిలో మిగిలిందంతా దీనికే పెట్టినట్టున్నాను. అతను సంచిలోంచి చిన్న బ్రష్షు తీసి, ఊపిరి బిగబట్టి, ఎర్రటి పొడి కొంచెం కొంచెంగా రాల్చాడు. నేను నా పైటచెంగు కింద పట్టాను. ఎందుకు పట్టానో తెలీదు, కుంకుమ నేలమీద పడకూడదనిపించింది. మళ్ళీ తగిలించాడు.

బొమ్మ వచ్చింది. మ్యాట్ మీద మా పిల్ల! కూతకెళ్ళింది. ఒకత్తి చీలమండ పట్టుకుంది, ఇంకొకత్తి నడుం పట్టుకుంది, ఇంకో ఇద్దరు మీద పడ్డారు. నలుగుర్నీ ఈడ్చుకుంటూ పాకి, వేలు చాపి గీత తాకింది. ఫోన్లోంచీ, పై గదుల్లోంచీ, నా పక్కనుంచీ ఒకేసారి అరుపులు.

ఆ తర్వాతి గంట నేను మర్చిపోను. హైలైట్స్ అబ్బాయి తన గదిలో ముక్కలు కూరుస్తున్నాడు. అతను కూర్చిందాన్ని కూర్చినట్టే గ్రాఫిక్స్ అమ్మాయి తన గదిలో తెరిచి పేరు ఎక్కిస్తోంది. కింద తెర అబ్బాయి మొదటి ఆట అంతా ఒకసారి సరిచూస్తున్నాడు. "నాకు ముందు" అన్నవాళ్ళే లేరు. నేను టీ పెట్టాను. చేతిలో ట్రే తప్ప ఇంకేమీ లేకుండా ఆ మెట్లెక్కడం ఎంత తేలికో! నాలుగింటికి పది నిమిషాలుండగా వీడియోలు వెళ్ళిపోయాయి, అందాయని వాళ్ళ జవాబు కూడా వచ్చేసింది.

"ఇక మీరు నమ్మినట్టేనా అమ్మా?" అన్నాడు ఇంజనీరు టీ తాగుతూ.

"కుండ మంచిదే బాబూ. కుంకుమ ఎక్కడ పెట్టకూడదో ముందే చెప్పాల్సింది."

నాలుగు రోజులకి ఆ పిల్ల ఇంటికి ఫోనొచ్చింది. మూడో ఆట చూశారట, రెండుసార్లు వేసుకుని చూశారట. కట్టు విప్పాక శిక్షణకి వచ్చి చేరమన్నారు. ఆ ఆదివారమే వాళ్ళ నాన్న బండిమీద కూర్చుని వచ్చేసింది, చంకలో కర్ర, చేతిలో మినపసున్నుండల డబ్బా. లోపలికి రాగానే ఇన్‌ఛార్జి గారికి దండం పెట్టి, నా దగ్గరికొచ్చి బుగ్గ గిల్లింది.

"నాకొకసారి చూపించండి. మా ఊళ్ళో ఫోన్లో చూస్తే అగ్గిపెట్టంత కనపడింది" అంది.

కుర్చీలో కూర్చోబెట్టాం. పై గదులవాళ్ళకి చెప్పాం. బొమ్మ వచ్చింది. ఆ పిల్ల కొంచెంసేపు తనని తాను తిట్టుకుంది, "ఎడంకాలు ముందు వెయ్యాల్సింది, మొద్దు, మొద్దు" అని. ఈలోపు తెరమీద తను కూతకెళ్ళింది. కుర్చీలో ఉన్న పిల్ల కూడా, తెలియకుండానే, గొంతులో మెల్లిగా కూత అందుకుంది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. కట్టు కట్టిన కాలు స్టూలు మీద, చేతులు గాల్లో ముందుకి. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, దమ్ము తీసుకోవే తల్లీ అంటున్నాడు. తీసుకోలేదు. తెరమీద వేలు గీత తాకేదాకా తీసుకోలేదు. తాకాక ఊపిరి పీల్చి, ఒగరుస్తూ, మాకేసి చూసి పళ్ళన్నీ కనపడేట్టు నవ్వింది.